కత్తెర మాస్టారు, చిరునామా మేడం

ఆమె మొదటిసారి స్టాఫ్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి అతను కవుల తలలు కోస్తున్నాడు.

కంగారు పడకండి, నిజం తలలు కావు. బల్ల మీద కవితల కాగితాల కట్ట ఒకటి ఉంది, అతని చేతిలో పొడవాటి కత్తెర ఉంది. ప్రతి కవిత నెత్తినా అచ్చయి ఉన్న కవి పేరును శ్రద్ధగా కత్తిరించి బల్ల కింద చెత్తబుట్టలోకి జారవిడుస్తున్నాడు. బయట వాన దంచికొడుతోంది. మోచేతి పక్కన కప్పులో టీ చల్లారి మీగడ కట్టింది. అతనికి వానా పట్టలేదు, టీ పట్టలేదు.

గుమ్మంలో గొడుగు దులుపుతూ నిలబడ్డ ఆమె ఆ రోజే లెక్చరర్‌గా చేరడానికి వచ్చింది. కాసేపు చూసి, ఏం చేస్తున్నారని అడిగింది. పేర్లు తీసేస్తున్నానని అతను తల ఎత్తకుండానే చెప్పాడు. ఎందుకని అడిగింది. పేరు చూస్తే పిల్లలు కవిత చదవడం మానేసి పేరుకి దణ్ణం పెడతారని చెప్పాడు.

"మరి ఒక్క కాపీలో కోసి, దాన్ని జిరాక్స్ తీయిస్తే సరిపోదా?"

అప్పుడు తల ఎత్తాడు. చేరిన నాటి నుంచి వారం వారం చేతులు బొబ్బలెక్కేలా కత్తిరిస్తున్నాడు గానీ ఈ ఆలోచన అతనికి ఏనాడూ రాలేదు. అతనికి ముందున్నవాళ్ళు అలాగే కోశారు, అతనూ అలాగే కోశాడు.

"మా పద్ధతి ఇదండీ," అన్నాడు బింకంగా.

ఆమె వంగి చెత్తబుట్టలోంచి పేర్లన్నీ ఏరి, తడవకుండా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. చెత్తబుట్టలోంచి ఏరుకునే మనిషికి అంత అందమైన కళ్ళు ఉండటం అన్యాయమని అతనికి అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే చిరాకు వేసి, ఇంకో తల కోశాడు.

ఈ పేర్ల గొడవ అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఒకప్పుడు సాహిత్యం చదవడమంటే కవి ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర చదివాడు, ఏ బిరుదులు పొందాడు అని బట్టీ పట్టడమే. ఒక్క కవితా చదవకుండా ఫస్టు క్లాసులో పాసైనవాళ్ళు కోకొల్లలు. పెద్ద పేరు కనబడితే ఆహా అనేవారు, లేకపోతే పేజీ తిప్పేసేవారు. ఆ రోజుల్లో ఇదే కాలేజీలో పాఠం చెప్పిన ఒక విమర్శకుడు, అందరూ పెద్దాయన అంటారు, ఒకనాడు పేర్లు కత్తిరించిన కవితలు తెచ్చి క్లాసులో పంచాడు. ఎవరు రాశారో నేను చెప్పను, ఏం రాశారో మీరు చెప్పండి అన్నాడు. క్లాసు తెల్లమొహం వేసింది. మహాకవి అనుకున్నవాడి కవితను ఎవరో నేర్చుకునేవాడి రాతలని తీసిపారేశారు. ఊరూ పేరూ లేని కవితనొకదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ దెబ్బతో పాఠం చెప్పే తీరే మారిపోయింది. పెద్దాయన పుస్తకాలు రాశాడు, శిష్యులు తయారయ్యారు, శిష్యులకు శిష్యులు పుట్టుకొచ్చారు. పరీక్షల్లో కవి జీవితం మాయమైపోయి, 'ఈ మాట ఇక్కడే ఎందుకు పడింది' అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది.

ఇంకో తరం గడిచింది. వేరే ఊళ్ళో ఒక విమర్శకురాలు లేచి, మాటలు సరేనయ్యా, ఆ మాట అన్నదెవరు, ఎవరితో అన్నారు, అనడానికి వీల్లేక ఊరుకున్నదెవరు అని అడిగింది. కవిగారు రాసుకుంటూ కూర్చుంటే, వచ్చినవాళ్ళకి తలుపు తీసిందెవరు అని కూడా అడిగింది. ఆ ప్రశ్న పుణ్యమా అని లోకం పాత పుస్తకాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదువుకోవాల్సి వచ్చింది. మన గొడుగమ్మాయి ఆవిడ దగ్గరే చదువుకుంది.

ఇలాంటి ఇద్దరిని ఒకే స్టాఫ్ రూమ్‌లో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చోబెడితే ఏమవుతుంది? ఏ కవిత కనిపించినా ఆమె దాని ఊరూ వాడా అడుగుతుంది. అతను ఆ ఊరూ వాడా కత్తిరించేస్తాడు. పిల్లలు వారం తిరక్కుండానే పేర్లు పెట్టేశారు. అతను కత్తెర మాస్టారు, ఆమె చిరునామా మేడం.

పోట్లాటతో మొదలైన పరిచయం టీలోకి దిగింది. క్యాంటీన్ నుంచి రెండు కప్పులు ఆమే తెచ్చేది. అతను కత్తెర పట్టుకుని ప్రపంచాన్ని మరిచిపోయి ఉండేవాడు. "చల్లారిపోతోందండీ," అనేది ఆమె. "ఒక్క నిమిషం," అనేవాడతను. ఆ నిమిషం అయ్యేసరికి టీ మీద మీగడ కట్టేది. ఆమె కాసేపు తిట్టి, ఇంకో కప్పు తెచ్చేది.

టీ తాగుతూ ఆమె తన గురించి అంతా చెప్పేసింది. వాళ్ళ నాన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఆయన చేతి మీదుగా బీరువాల కొద్దీ పుస్తకాలు వెళ్ళాయి, ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. చిన్నప్పుడు ఆమె ప్రతి కొత్త పుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా నాన్న పేరు కోసం వెతికేదట. పేర్లు కోసేవాళ్ళంటే తనకి అందుకే ఒళ్ళు మంట అని నవ్వుతూ చెప్పింది. అమ్మ కోపం, అన్నయ్య పిసినారితనం, వదిన గురక కూడా అతనికి తెలిసిపోయాయి.

అతని గురించి మాత్రం ఆమెకు ఒక్క ముక్క తెలియదు. ఇల్లెక్కడంటే దగ్గర్లోనే అనేవాడు. ఇంట్లో ఎవరెవరంటే మామూలే అనేవాడు. గట్టిగా అడిగితే, "మనిషి ముందున్నాడు కదండీ, చదువుకోండి. చిరునామా ఎందుకు?" అని మాట తప్పించేవాడు.

అందులో పెద్ద రహస్యం ఉంది. కత్తెర మాస్టారు పెద్దాయనకి స్వయానా కూతురి కొడుకు. ఉండేది కూడా ఆ తాతయ్య ఇంట్లోనే. అంతకుముందు పనిచేసిన కాలేజీలో అతను తుమ్మితే పెద్దాయన మనవడు తుమ్మాడనేవారు. అతని పాఠం బాగుంటే రక్తంలోనే ఉందనేవారు, బాగోకపోతే ఆ ఇంట్లో ఇలాంటివాడు పుట్టాడేమిటనేవారు. తనని తనుగా చూసినవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. అందుకే ఇక్కడ చేరగానే, పాత రోజులు తెలిసిన ఒకే ఒక్కరైన హెడ్డుగారి చేత ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. తల్లి వైపు తాత కావడంతో ఇంటిపేరు కూడా అడ్డురాలేదు.

మొదట్లో అది లోకం కోసం పెట్టుకున్న జాగ్రత్త. ఇప్పుడు ఒక్క మనిషి కోసం. తాతగారి నీడ పడకుండా ఈ అమ్మాయి తనని చదవాలి, చదివి నచ్చిందనాలి. అతనికి ఇంకేమీ వద్దు. ఆ ఆశతోనే నోరు కుట్టేసుకున్నాడు.

తాడు తెగే రోజు ఒకటి వచ్చింది.

పెద్దాయన మొదటిసారి పేర్లు కోసి క్లాసులో పంచిన ఆ ఊరూ పేరూ లేని కవిత ఇప్పటికీ పిల్లల పాఠ్యపుస్తకంలో ఉంది. కవి పేరు ఉండాల్సిన చోట 'అజ్ఞాత' అని ఉంటుంది. దాన్ని చెప్పడంలో కత్తెర మాస్టారిని మించినవాళ్ళు లేరని పేరు. ఆ క్లాసు వింటానని చిరునామా మేడం వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. అతను కవిత చదివాడు.

గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను.
దీపం నీ వైపు ఉంది, వెచ్చదనం నా వైపు.
పేజీ తిప్పిన చప్పుడైనప్పుడల్లా
ఇక లేస్తావనుకుంటాను.
చల్లారిపోయేవి చల్లారిపోతాయి, పోనీ.
నువ్వు వచ్చాక మళ్ళీ వెలిగించడం నాకు తెలుసు.

తర్వాత మెల్లగా విప్పడం మొదలుపెట్టాడు. గుమ్మం అంటే బతుక్కీ చావుకీ మధ్య గడప. తిరుగుతున్న పేజీలు రోజులు. చల్లారిపోయేవి శరీరాలు. మళ్ళీ వెలిగించడమంటే ఇంకో జన్మ. చనిపోయిన మనిషి ఒకరు అవతలి ఒడ్డున నిలబడి, బతికున్న మనిషి కోసం ఎదురుచూస్తున్నారు. ముందు బెంచీ అమ్మాయిలు కళ్ళు తుడుచుకున్నారు. వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

"సార్, ఈవిడ చనిపోలేదు. వంటింటి గుమ్మంలో ఉంది."

"ఏవిడండీ?"

"ఇది రాసినావిడ. దీపం ఆయన దగ్గరుంది, ఆయన చదువుకుంటున్నాడు. వెచ్చదనం ఈవిడ దగ్గరుంది, అంటే పొయ్యి. చల్లారిపోతున్నది శరీరం కాదు సార్, భోజనం."

క్లాసు గొల్లుమంది. కళ్ళు తుడుచుకున్న అమ్మాయిలే అందరికంటే ఎక్కువ నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. కవితలో ఆడమనిషని ఎక్కడా లేదని వాదించాడు గానీ, మనసులో ఏదో మూల పొయ్యి వెలిగిపోయింది. ఇక ఆ గుమ్మంలో చావు నిలబడనంది.

స్టాఫ్ రూమ్‌లోకి వచ్చాక కూడా ఆమె వదల్లేదు. చదివాక ఎవరు రాశారో అడగాలనిపించదా అంది. తనకైతే ఆ మనిషి కనిపిస్తే వెళ్ళి రెండు చేతులూ పట్టుకోవాలని ఉందంది. అక్కడితో ఆగినా బాగుండేది.

"పెద్దాయనకి తెలియకుండా ఉండదు. ఎవరో ఒకావిడ కవిత తీసుకుని, ఆవిడ పేరు కోసేసి, దాని మీద తన పేరు నిలబెట్టుకున్నాడు."

"ఆయన అలాంటి మనిషి కాదు."

"మీకెలా తెలుసు?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అతను నోరు తెరిచాడు. తెరిచిన నోటితో, పుస్తకాలు చదివితే తెలుస్తుందన్నాడు.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఆయన్ని అంటే మీకెందుకండీ కోపం?" అందామె. కాలేజీ వార్షికోత్సవం దగ్గరపడింది. విమర్శకులు మన చదువుని ఏం చేశారన్న విషయం మీద ఇద్దరూ మాట్లాడాలని, పాము చావకుండా కర్ర విరగకుండా హెడ్డుగారు ముందే నిర్ణయించేశారు. తను ఆ సభలోనే ఈ ప్రశ్న అడుగుతానంది. "కాకపోతే చాటున అనడం నాకు చేతకాదు. ముందు ఆయన్నే వెళ్ళి అడుగుతాను."

వెళ్ళి హెడ్డుగారిని ఇల్లెక్కడని అడిగింది. మనవడెవరో చెప్పనని హెడ్డుగారు ఒట్టు వేశారు గానీ, ఇల్లెక్కడో చెప్పనని వేయలేదు కదా. వీధి పేరు, ఇంటి నంబరు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు.

ఆదివారం పొద్దున్న మళ్ళీ వాన. కత్తెర మాస్టారు అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. కాలింగ్ బెల్ మోగింది. పాలవాడేమో అనుకుని, సగం మొహం నురగతో, భుజం మీద తువ్వాలుతో వెళ్ళి తలుపు తీశాడు.

అదే గొడుగు. అవే కళ్ళు.

ఆమె చేతిలోని కాగితం చూసుకుంది, గుమ్మం పక్కనున్న నంబరు చూసింది, నురగ చూసింది.

"మీరేంటి ఇక్కడ?"

"ఇది... మా ఇల్లండీ."

"మరి పెద్దాయన?"

"తాతయ్య."

ఆమె మొహంలో రంగులు మారాయి. ఇన్నాళ్ళూ టీ తాగుతూ పెద్దాయన్ని తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి. వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదే గానీ, లోపల్నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "ఎవర్రా కన్నా? వానలో నిలబెట్టి మాట్లాడతావేం?" వెనకే మనిషీ వచ్చింది. ఒకసారి అమ్మాయి మొహం, ఒకసారి మనవడి మొహం చూసింది. "కోపం తర్వాత పడుదువుగానిలే తల్లీ, ముందు లోపలికి రా. తడిసిపోయావు."

ముందు గదిలో తాతయ్య కిటికీ పక్క కుర్చీలో పుస్తకంలో మునిగి ఉన్నాడు. ఆమె నమస్కారం పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు. అడగాలని వచ్చింది అడిగేసింది.

"మాస్టారూ, అజ్ఞాత అని వేశారు కదా, ఆ గుమ్మం కవిత. అది ఎవరు రాశారండీ?"

తాతయ్య పుస్తకం మూశాడు. ఆమె వైపు చూడలేదు. వంటింటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ అమ్మమ్మ చేతిలో గరిటెతో నిలబడి ఉంది.

"ఏమోయ్, అడిగేశారు," అన్నాడు.

"వచ్చారన్నమాట," అంది అమ్మమ్మ. గరిటె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి మనవడి చేతిలో పెట్టి, వచ్చి కూర్చుంది.

కొత్తగా పెళ్ళైన రోజుల్లో ఆయనకి పుస్తకం పడితే ఆకలీ దాహం ఉండేవి కావట. వండినవి చల్లారిపోతూ ఉంటే, గుమ్మంలో నిలబడి తిట్టుకుని తిట్టుకుని, ఒకరోజు తిట్టు బదులు ఆ కవిత వచ్చిందట. ఆయనకి చూపిస్తే తెల్లబోయి, ఆమె పేరుతోనే పత్రికకి పంపాడు. తిరిగొచ్చింది. స్నేహితులకి చూపిస్తే, భార్య మీద ప్రేమతో నువ్వే రాసి ఆమె పేరు పెట్టావులే అని కన్ను గీటారు. ఆయనకి తిక్కరేగింది. తెల్లారి పెద్ద పెద్ద కవుల కవితల్లో దాన్ని కలిపి, అన్నిటి తలలూ కోసి క్లాసులో పంచాడు. పిల్లలు అన్నిటికన్నా పైన దాన్ని పెట్టారు.

"ఆ సాయంత్రం ఇంటికొచ్చి గంతులేశారు చూడు, పక్కింటివాళ్ళు భయపడ్డారు," అంది అమ్మమ్మ. "అలా పుట్టింది ఈయన గొప్ప పద్ధతి. తర్వాత పేరు వేస్తానన్నారు. నేనే వద్దన్నాను. పేరు చూస్తే మళ్ళీ మేస్టారి భార్య అంటారు. చదివినవాళ్ళలో ఒక్కరైనా, ఎవరమ్మా నువ్వు అని అడుగుతూ వస్తే అప్పుడు చెబుదామన్నాను. ఎవరో ఒకరు రాకపోతారా అనుకున్నాను. ఎంతమంది పాసైపోయారమ్మా దాని మీద. ఒక్కరూ రాలేదు."

చిరునామా మేడం కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. అనుకున్నట్టే రెండు చేతులూ పట్టుకుంది. మాట్లాడబోయి ఏడ్చేసింది.

గరిటె పట్టుకుని నిలబడ్డ మనవడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నయం, అతనసలు వెతకనే లేదు. "నాకైనా చెప్పకపోయావా అమ్మమ్మా," అన్నాడు.

"నువ్వు అడిగావా? అద్దం ముందు నిలబడి పాఠం వల్లించుకుని, ఏటేటా నన్ను చంపేసి క్లాసుకి పోతున్నావు."

తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏడుస్తున్న అమ్మాయి కూడా నవ్వేసింది. అమ్మమ్మ మనవడి మీద జాలిపడి, "నువ్వు చెప్పేదీ బాగానే ఉంటుందిలేరా. వినగా వినగా నాకే అనుమానం వచ్చేది, నిజంగా అంత లోతుగా రాశానేమోనని," అంది.

నవ్వు తగ్గాక తాతయ్య మనవడి వైపు తిరిగాడు. "అందరూ ముందు పేరు చూసి తల ఊపేస్తున్నారని కోశానురా. తల ఊపేముందు చదవమన్నాను. చదివాక ఎవరని అడగొద్దని నేనెప్పుడు చెప్పాను? అది మీరు పెట్టుకున్న రూలు."

అమ్మాయి లేచి, ఆయన గురించి తను తప్పుగా మాట్లాడానని, క్షమించమని అడిగింది. ఏమన్నావేమిటని ఆయన ఆసక్తిగా అడిగాడు.

"మీ మనవణ్ణి అడగండి. అన్నీ విన్నారు," అని గొడుగు తీసుకుంది.

అతను గేటు దాకా వెంటపడ్డాడు. చెంప మీద నురగ ఎండిపోయి తెల్లగా అట్ట కట్టింది. అసలైతే చూసి నవ్వాల్సిన మొహమే. ఆమె నవ్వలేదు.

"మా నాన్న కళ్ళజోడు నంబరు దాకా మీకు చెప్పాను. మీరు నాకు ఇంటి వీధి కూడా చెప్పలేదు."

"ఎవరి మనవణ్ణో తెలిస్తే నన్ను వేరేగా చూస్తారేమోనని..."

"అంటే నాకు చదవడం రాదనే కదా మీ ఉద్దేశం?"

ఆమె వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు తెరవడం కూడా మరిచిపోయింది.

మర్నాటి నుంచి స్టాఫ్ రూమ్‌లో ఉలుకూ పలుకూ లేదు. ఆమె తన టీ తనే తెచ్చుకుని, గోడ వైపు తిరిగి తాగేది. అతను కత్తెర పట్టుకునేవాడు గానీ పేరు బదులు కవితలో మొదటి లైను కోసేసేవాడు. మీగడ కట్టిన టీ కోసం, "చల్లారిపోతోందండీ," అనే గొంతు కోసం ప్రాణం కొట్టుకుపోయింది. ఆమెని ప్రేమిస్తున్నానని అతనికి అప్పుడు నిస్సందేహంగా తెలిసింది. పోగొట్టుకున్నానేమోనని కూడా తెలిసింది.

అమ్మమ్మకి ఏదీ చెప్పనక్కర్లేకపోయింది. భోజనాల దగ్గర కంచంలో గీతలు గీస్తున్న మనవణ్ణి చూసి ఒక్కటే అంది. "నీ పేరు కోసుకున్నావు, సరే. ఆ అమ్మాయి చదివేసింది కదరా. ఇంకా దాచి ఎవరిని ఉద్ధరిస్తావు?"

వార్షికోత్సవం రోజున హాలు నిండిపోయింది. కత్తెర మాస్టారు తాతయ్యనీ అమ్మమ్మనీ తనే చేయి పట్టి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. చూసినవాళ్ళు గుసగుసలాడారు. గుసగుసలాడుకోనీ అనుకున్నాడు. మైకు ముందుకి వచ్చి, రాసుకొచ్చిన ప్రసంగం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను పెద్దాయన మనవణ్ణి," అని మొదలుపెట్టాడు.

ఆ మాట అంటే ఏదో కూలిపోతుందని ఇన్నేళ్ళూ భయపడ్డాడు. ఏమీ కూలలేదు. ఇక కవిత చదివాడు. తను ఏటేటా చెప్పిన చావు సంగతి చెప్పి, అందులో చచ్చిపోయిందనుకున్న మనిషి ముందు వరసలో కూర్చుని నవ్వుతోందన్నాడు. తాతయ్య పేర్లు కోసింది ఎందుకో చెప్పాడు. కత్తెర ఆయన చేతిలో ఉన్నప్పుడు అది ఒక మనిషి మీద ప్రేమ, మా చేతికొచ్చేసరికి అలవాటైపోయిందన్నాడు.

"ఒక విమర్శకుడు మనకి చదవడం నేర్పాడు. ఇంకొక విమర్శకురాలు అడగడం నేర్పింది. మేము సగం సగం పంచుకుని పోట్లాడుకున్నాం. ఆ కవిత పుట్టిన ఇంట్లోనే నేను పెరిగాను, అయినా అడగలేదు. మా చిరునామా మేడం వానలో వెతుక్కుంటూ వచ్చి అడిగారు."

తర్వాత మైకు దగ్గరగా వంగి, కవిత నెత్తిన ఉండాల్సిన పేరును పూర్తిగా, ఇంటిపేరుతో సహా చదివాడు. అమ్మమ్మ లేచి నిలబడింది. మొత్తం హాలు లేచి చప్పట్లు కొట్టింది. తాతయ్య అందరికంటే ఆలస్యంగా ఆపాడు.

చిరునామా మేడం వంతు వచ్చింది. తను చెప్పాలనుకున్నది ముందు మాట్లాడినవారే చెప్పేశారని, ఇక తన సమయంలో కవిగారే మాట్లాడాలని అంది. వేదిక దిగి, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి నడిపించుకొచ్చింది. పైకి వెళ్ళాక అమ్మమ్మ, తనకి ప్రసంగాలు రావని, ఇంకా కొన్ని కవితలున్నాయి గానీ అవి తిట్లతో ఉన్నాయని చెప్పి హాలుని నవ్వించింది.

సభ అయ్యేసరికి వాన అందుకుంది. వరండాలో స్తంభం పక్కన ఆమె వాన కాస్త తగ్గుతుందేమోనని నిలబడి ఉంది. అతను వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"మీరెప్పుడూ అడిగేవారు కదా," అని గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాడు. ఇల్లు ఎక్కడో చెప్పాడు, వీధి మలుపులో మందుల షాపు ఉంటుందన్నాడు. అమ్మానాన్నలు వేరే ఊళ్ళో ఉద్యోగాలు చేస్తారని, ఈత రాదని, బల్లులంటే భయమని, చిన్నప్పుడు ఒకసారి తాతయ్య పుస్తకంలో పేజీలు చింపి పడవలు చేశానని చెప్పాడు. "మీరంటే ఇష్టం. మీరు చెత్తబుట్టలోంచి పేర్లు ఏరుకున్న రోజు నుంచీ. దాచింది మీకు చదవడం రాదని కాదండీ. చదివి పక్కన పెట్టేస్తారేమోనని భయం."

ఆమె వాన వైపు తిరిగింది. పెదాల చివర నవ్వు వచ్చిందో రాలేదో అతనికి చీకట్లో తెలియలేదు.

"నేను నెమ్మదిగా చదువుతాను," అంది. "తర్వాత చెప్తాను." ఈసారి గొడుగు మరిచిపోకుండా తెరిచి, వెళ్ళిపోయింది.

సోమవారం కత్తెర మాస్టారు బల్ల ముందు కూర్చున్నాడు. బుద్ధి తెచ్చుకుని ఒక్క కాపీలోనే పేర్లు కోస్తున్నాడు, మిగతావి జిరాక్స్‌కి. కోసిన పేర్లు చెత్తబుట్టలోకి పోవడం లేదు, ఒక కవరులోకి వెళ్తున్నాయి. క్లాసు చివర పిల్లలు ఎవరని అడిగితే కవరు తెరవాలని కొత్త పద్ధతి. పిల్లలు అడిగేదాకా మాత్రం తెరవకూడదు. పాఠ్యపుస్తకం మళ్ళీ అచ్చవుతోంది, 'అజ్ఞాత' ఉన్న చోట అమ్మమ్మ పేరు వెళ్ళింది. ప్రూఫులు చిరునామా మేడం వాళ్ళ నాన్నగారే దిద్దాలని, దిద్దినవారి పేరు మొదటి పేజీలోనే వేయాలని హెడ్డుగారితో మాట్లాడి ఒప్పించాడు. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో అతనికి తెలియదు.

అతను పేజీ తిప్పాడు. గుమ్మం దగ్గర చిన్న అలికిడి అయింది. తల ఎత్తలేదు, అలవాటు అంత త్వరగా పోదు కదా.

"గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను," అంది ఒక గొంతు.

కత్తెర ఆగిపోయింది. తల ఎత్తాడు. ఆమె రెండు చేతుల్లో రెండు కప్పులు. ఆవిరి పైకి లేస్తోంది.

క్లాసు చివర పిల్లలు అడగాల్సిన ప్రశ్న అతనే అడిగాడు. "ఇది ఎవరు రాశారండీ?"

"మీ అమ్మమ్మగారు."

"ఎవరి కోసం రాశారు?"

"అప్పుడు మీ తాతగారి కోసం." ఆమె చెంపలు ఎర్రబడ్డాయి గానీ చూపు తిప్పుకోలేదు. "ఇప్పుడు మీ కోసం. మా నాన్నకి కూడా చెప్పేశాను, ఆదివారం మీ ఇంటికి వస్తానన్నారు. వీధి మలుపులో మందుల షాపు, అంతేనా?"

అతను అంతేనని తల ఊపాడు. ఆమె అక్కడే నిలబడి, కప్పుల వైపు చూసి, మళ్ళీ అతని వైపు చూసింది.

"చల్లారిపోతోందండీ."

ఒక్క నిమిషం అనలేదు అతను. కత్తెర కింద పెట్టి, లేచి వెళ్ళాడు.